ఊళ్లు ఖాళీ అయ్యాయా, చేశారా, చేయించారా?

పోస్ట్:

అందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం పశ్చిమాసియా చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను, 1948 యుద్ధం (ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు అరబ్బులతో జరిగింది) దగ్గర ఒక్క వాక్యం రెండు రోజులుగా తెగడం లేదు. ఆ యుద్ధంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనా అరబ్బులకు ఇల్లూ ఊరూ లేకుండా పోయాయన్నది విషయం. మొదట 'వలస వెళ్లారు' అని రాశాను. మా ఆవిడ చదివి "వలసేంటండీ, పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోయినట్టు" అంది. నిజమే కదా అని 'కాందిశీకులయ్యారు' అని మార్చాను. ఇప్పుడు ఎడిటర్ గారేమో అది పాత మాట, 'శరణార్థులు' అనండి అంటున్నారు. పెద్దలు కాస్త చెప్పండి.

కామెంట్:

కాందిశీకులే ఉంచండి సార్. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి జనం వచ్చినప్పుడు మన పేపర్లన్నీ ఆ మాటే వాడాయి. పాతదైతే మాత్రం ఏం, అర్థం కాని మాటా?

కామెంట్:

నిర్వాసితులు అనొచ్చేమో?

కామెంట్:

నిర్వాసితులు అంటే ఇప్పుడు అందరికీ పోలవరమే గుర్తొస్తుందండీ. నిజానికి సంస్కృతంలో దానర్థం వెళ్లగొట్టబడినవాడనే, కానీ మన వాడుకలో అది నష్టపరిహారం, పునరావాస కాలనీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. శరణార్థి అంటే ఆశ్రయం కోరి వచ్చినవాడు. వచ్చి చేరిన చోటు గురించి చెబుతుంది గానీ బయల్దేరిన చోట ఏం జరిగిందో చెప్పదు, ఎడిటర్లకు అందుకే అది హాయి.

ఇక కాందిశీకుడు. 'కాం దిశం', ఏ దిక్కుకు పోనురా దేవుడా అంటూ పరుగెత్తేవాడు. అమరకోశం 'కాందిశీకో భయద్రుతః' అని ఒక్క ముక్కలో తేల్చేసింది, భయంతో పారిపోయినవాడని. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చిన మన తెలుగువాళ్లకు ఈ మాట అతికినట్టు సరిపోయింది. పాలస్తీనా దగ్గరకొచ్చేసరికి మాత్రం చరిత్రకారులు కొట్టుకునేదే ఇక్కడ. భయంతో పోయారా, పొమ్మంటే పోయారా, పొమ్మన్నదెవరు? అరబ్-ఇజ్రాయెల్ తగాదా ఇన్నేళ్లయినా ఎందుకు ఆరడం లేదన్న ప్రశ్నకు జవాబులో సగం ఇందులోనే ఉంది. మీరు నామవాచకం కోసం వెతుకుతున్నారు గానీ అసలు తంటా క్రియతోటి. 'ఊళ్లు ఖాళీ అయ్యాయి', 'ఊళ్లు ఖాళీ చేశారు', 'ఊళ్లు ఖాళీ చేయించారు'. తెలుగులో ఈ మూడింట్లో ఏదో ఒకటి రాయక తప్పదు, ఏది రాసినా ఒక వర్గం పక్కన కూర్చున్నట్టే.

'చేశారు', అంటే జనమే ఊరొదిలి పోయారన్నది ఇజ్రాయెల్‌లో చాలాకాలం నడిచిన కథ. అరబ్ నాయకులే రేడియోలో చెప్పి తమవాళ్లను బయటికి రప్పించారు, సైన్యాలు గెలిచాక తిరిగి పోవచ్చన్నారు అని. పాలస్తీనా చరిత్రకారుడు వాలిద్ ఖాలిదీ ఈ రేడియో కథను ముందే ప్రశ్నించాడు. 1961లో ఎర్స్కిన్ చైల్డర్స్ అనే ఐరిష్ జర్నలిస్టు, ఆ రోజుల్లో అరబ్ రేడియోల ప్రసారాలను విని బీబీసీ రాసిపెట్టుకున్న రికార్డులు తిరగేసి, అలాంటి ఆదేశం ఒక్కటీ కనబడలేదని రాశాడు. ఖాలిదీ అదే ఏడాది, 1948 మార్చిలో యూదు సైన్యం హగనా తయారుచేసుకున్న 'ప్లాన్ డాలెట్'ను చూపించి ఇదీ అసలు పథకం అన్నాడు. అంటే 'చేయించారు'. 2006లో ఇజ్రాయెలీ చరిత్రకారుడు ఇలాన్ పాపే ఇంకో అడుగు ముందుకేసి దాన్ని జాతి నిర్మూలన కిందే లెక్కగట్టాడు (ఊచకోత అనే అర్థంలో కాదు, ఒక జాతివాళ్లను ఒక ప్రాంతంలో లేకుండా చేయడమనే అర్థంలో).

మధ్యలో ఇజ్రాయెలీ చరిత్రకారుడు బెన్నీ మోరిస్. ఇజ్రాయెల్ ప్రభుత్వ దస్తావేజులు తెరిచాక 1980ల చివర్లో వాటిని ఊరూరి లెక్కన తిరగేసిన మనిషి. ఈ సమస్య యుద్ధంలోంచి పుట్టింది, యూదులో అరబ్బులో ముందే గీసుకున్న పథకంలోంచి కాదు అని తేల్చాడు. మన భాషలో 'అయ్యాయి'. అలా అన్నందుకు అటు పాపే పక్షం, ఇటు ఇజ్రాయెల్ పాత కథను సమర్థించే చరిత్రకారుడు ఎఫ్రాయిమ్ కార్ష్ పక్షం రెండూ తిట్టాయి. కార్ష్ అయితే 1997లో, మోరిస్ లాంటి ఈ 'కొత్త చరిత్రకారులు' దస్తావేజులను వక్రీకరిస్తున్నారని ఏకంగా పుస్తకమే రాశాడు. విచిత్రమేమిటంటే, ఊళ్లోంచి తరిమేసిన సంఘటనలను పత్రాలతో సహా బయటపెట్టిన ఇదే మోరిస్ 2004లో ఒక ఇంటర్వ్యూలో ఆ పని అప్పట్లో అవసరమేనన్నాడు. అందుకే నేను ఇలాంటి పుస్తకాల్లో రచయిత అభిప్రాయం ఒక కంట, పత్రం ఇంకో కంట చదువుతాను.

నా మటుకు నాకు మొత్తానికి ఒకే క్రియ వేయడమే తప్పు. ఊరిని బట్టి మారాలి. హైఫా తీసుకోండి. 1948 ఏప్రిల్ 22న యూదు మేయర్ షబ్తాయ్ లెవీ అరబ్ పెద్దలను వెళ్లొద్దని బతిమాలాడు, వాళ్లు సంధి మీద సంతకం పెట్టలేమని, తమవాళ్లను తరలించడానికి ఏర్పాటు చేయండని అడిగారు. కార్ష్ దీన్నే పట్టుకుంటాడు. అదే పొద్దున హగనా మోర్టార్లు అరబ్బుల బజారు మీద పడ్డాయి, జనం రేవు వైపు పరుగెత్తారు. అంతకు రెండు వారాల ముందే, ఏప్రిల్ 9న, దేర్ యాసీన్ అనే అరబ్బుల ఊళ్లో ఇర్గున్, లేహీ అనే యూదు సాయుధ ముఠాలు వందమందికి పైగా చంపిన కబురు దేశమంతా పాకి ఉంది. పాపే, ఖాలిదీ దీన్ని పట్టుకుంటారు. మేయర్ బతిమాలడమూ, మోర్టార్లూ రెండూ ఒకే ఊళ్లో, ఒకే రోజు. ఇక్కడ అమరకోశం 'భయద్రుతః' చక్కగా కుదురుతుంది.

జులైలో లిద్దా, రమ్లా పట్టణాలకొచ్చేసరికి ఆ మాట చెల్లదు. అక్కడ జనాన్ని వెళ్లగొట్టమని లిఖితపూర్వకమైన ఆదేశం ఉంది, దాని కింద సంతకం ఇట్జాక్ రాబిన్‌ది, తర్వాత ప్రధాని అయిన ఆయనే. యాభై వేలకు పైగా జనాన్ని ఎండలో తూర్పుకి నడిపించారు, దాహంతో దారిలోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు. రాబిన్ తన ఆత్మకథలో ఈ సంగతి రాస్తే ఇజ్రాయెల్ సెన్సార్ కొట్టేసింది, 1979లో అమెరికా పత్రికలో బయటపడింది. 'ఖాళీ అయ్యాయి' అని ఇక్కడ రాస్తే అది అనువాదం కాదు, చేతులు కడుక్కోవడం. అదే నెలలో నజరేతులో కెనడా నుంచి వచ్చిన కమాండర్ బెన్ డంకల్‌మన్ జనాన్ని వెళ్లగొట్టనన్నాడు. జనం ఉండిపోయారు. ఇవాళ ఇజ్రాయెల్ లోపల పెద్ద అరబ్ పట్టణాల్లో అదొకటి. ఒకే ప్లాన్ అన్నిచోట్లా నడిచిందనేవాళ్లు నజరేతుకీ, ప్లానే లేదనేవాళ్లు లిద్దాకీ జవాబు చెప్పుకోవాలి.

కామెంట్:

మరి అరబ్ దేశాల్లోంచి వచ్చేసిన యూదులను ఏమంటారు గురువుగారూ? వాళ్ల ఊసే ఎత్తలేదు. ఒక్కవైపే చూడటం భాషా సేవేనా?

కామెంట్:

అడగాల్సిన మాటే అడిగారు. అక్కడా ఇదే పేచీ. 1941లో బాగ్దాద్‌లో యూదుల మీద దారుణమైన దాడి జరిగింది. 1950లో ఇరాక్ పౌరసత్వం వదులుకుంటే పోవచ్చని చట్టం చేసింది, మరుసటి ఏడాది అలా పేరు రాయించుకున్నవాళ్ల ఆస్తులు స్తంభింపజేసింది. లక్షకు పైగా యూదులు విమానాలెక్కారు. పేరు రాయించుకున్నారు కాబట్టి 'వెళ్లారు' అందామా, వెనక్కి దారి మూసేశారు కాబట్టి 'పంపేశారు' అందామా? బాగ్దాద్‌లో పుట్టి అయిదేళ్లప్పుడు ఇజ్రాయెల్ చేరిన చరిత్రకారుడు అవీ ష్లైమ్, ఇందులో జియోనిస్టు (యూదులకు సొంత దేశం కావాలన్న) ఉద్యమానికీ పాత్ర ఉందంటాడు, కాదనేవాళ్లు గట్టిగానే కాదంటారు. మీకు లిద్దాలో 'చేయించారు' అనడానికి మనసొప్పకపోతే బాగ్దాద్‌లోనూ ఒప్పకూడదు, అంతే నా పాయింటు.

ఇంకోటి మర్చిపోయేలా ఉన్నాను. పోస్ట్ పెట్టిన సార్, బయటికి పోవడం మీద ఎంత గొడవ ఉన్నా వెనక్కి రావడం దగ్గర క్రియ తేలికే. 1948 జూన్ నుంచే ఇజ్రాయెల్ ప్రభుత్వం తిరిగి రానివ్వకూడదని నిర్ణయించుకుంది, డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం రానివ్వమన్నా రానివ్వలేదు. ఎందుకు రానివ్వలేదన్నదానికి ఎవరి సమర్థన వాళ్లకుంది గానీ రానివ్వలేదన్నది మోరిస్, పాపే ఇద్దరూ రాశారు. అక్కడ కర్తను ధైర్యంగా పెట్టేయండి.

పోస్ట్ పెట్టినవారు:

ధన్యవాదాలండీ. ఇలా మార్చాను, చూడండి: "1948 యుద్ధంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనా అరబ్బులు కాందిశీకులయ్యారు. హైఫా వంటి చోట్ల దాడులకు భయపడి ఊరు విడిచారు, లిద్దా, రమ్లా వంటి చోట్ల సైన్యం వాళ్లను వెళ్లగొట్టింది. ఎవరినీ ఇజ్రాయెల్ ప్రభుత్వం తిరిగి రానివ్వలేదు." ఎడిటర్ గారు పొడుగైందంటారేమో.

కామెంట్:

'ఎవరినీ' తీసేసి 'చాలామందిని' అనండి, కొద్దిమందిని తర్వాత కుటుంబాలతో కలవడానికి రానిచ్చారు. లిద్దా పక్కన ఇప్పటి పేరు లోద్ కూడా రాయండి, పిల్లలు మ్యాపులో వెతుక్కుంటారు.