ఒత్తైన జుట్టును ఇంట్లోనే సాపు చేసుకోవడం ఎలా?

మా అక్క పెళ్లి ఇంకా పది రోజులే ఉంది. నాది నడుము దాకా ఒత్తైన ఉంగరాల జుట్టు. ఇంట్లో స్ట్రెయిటనర్‌తో రెండుసార్లు ప్రయత్నించాను. పై పాయలు చక్కగా సాగాయి కానీ, మెడ దగ్గరి లోపలి పాయలు గంటలోపే మళ్లీ మెలితిరిగాయి. విశాఖ ఉక్కపోత ఒకటి తోడు.

మొదటిసారి కాస్త తడి ఉండగానే పెడితే సుయ్‌మని ఆవిరి లేచి, చివర్లు చీపురు పుల్లల్లా బిరుసెక్కాయి. ఇప్పుడు పూర్తిగా ఆరాకే, వేడి నుంచి కాపాడే స్ప్రే చల్లి 180 డిగ్రీల దగ్గర పెడుతున్నాను. ఇంకా పెంచాలంటే భయం.

200కు పెంచక తప్పదా, లేక పాయలను వేలి వెడల్పున సన్నగా తీసుకుంటే చాలా? ఒక్కో పాయను ఎన్నిసార్లు లాగవచ్చు? అమ్మేమో ముందురోజు కొబ్బరినూనె పెట్టుకోమంటోంది. పెట్టవచ్చా? ఇలాంటి జుట్టున్నవాళ్లు దయచేసి చెప్పండి.