కొర్రలు అడిగితే కొరలె ఇచ్చారు: చిరుధాన్యాలు, బియ్యం, పాస్తా కొనడంలో సలహా కావాలి

మారతహళ్లి నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి నాలుగు నెలలైంది. అత్తయ్యగారికి రాత్రిపూట కొర్రన్నం అలవాటు. పిల్లలకి వారానికోసారి పాస్తా ఉండాల్సిందే. మొన్న వీధి చివరి కొట్లో కొర్రలు అని అడిగి కిలో తెచ్చాను. ఎప్పటిలాగే వండితే పలుకుగా ఉండిపోయింది, రంగూ వేరే. అత్తయ్యగారు ఒక్క ముద్ద తిని "ఇవి కొర్రలు కావమ్మా" అనేశారు. ప్యాకెట్ మీద అంతా కన్నడం, నాకు చదవడం రాదు. బియ్యం కొనబోతే స్టీమా, రా నా, బాయిల్డా అని అడుగుతున్నారు. పాస్తాలో చూస్తే రాగి పాస్తా, మిల్లెట్ పాస్తా అని పది రకాలు. ఏది చూసి కొనాలి, ఏది ఎంత తెచ్చి పెట్టుకోవచ్చు? కొంచెం చెప్పండి ప్లీజ్.

మల్లేశ్వరం నుంచి జవాబు:

అమ్మా, మీ అత్తయ్యగారు చెప్పిందే నిజం. కన్నడంలో కొరలె అంటే మన అండు కొర్రలు. మన కొర్రల్ని ఇక్కడ నవణె అంటారు. మీరు కొర్రలు అన్నారు, కొట్టతనికి కొరలె అని వినపడింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. బెంగళూరు వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే రెండుసార్లు తెచ్చుకున్నాను.

అరచేతిలో పోసుకుని చూడండి. కొర్రలు లేత పసుపు రంగులో, గుండ్రంగా, సన్నగా ఉంటాయి. అండు కొర్రల్లో బూడిద, లేత ఆకుపచ్చ కలిసిన ఛాయ ఉంటుంది. ఒకసారి పక్కపక్కన పోసి చూశారంటే మళ్ళీ పొరపడరు. మిగతా పేర్లు కూడా రాసుకోండి: సామలు ఇక్కడ సామె, ఊదలు ఊదలు, అరికెలు హారక, వరిగలు బరగు, సజ్జలు సజ్జె, జొన్నలు జోళ. యశ్వంతపుర యార్డుకి గానీ గాంధీ బజారుకి గానీ వెళ్ళినప్పుడు ఈ పేర్లతో అడిగితే ఇబ్బంది ఉండదు.

ఇక బియ్యం. రా అంటే మన పచ్చిబియ్యం. బాయిల్డ్ అంటే ఉప్పుడు బియ్యం, అంటే ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి ఆడించినవి. ఇడ్లీకి ఇవి బాగుంటాయి. స్టీమ్ ఈ రెంటికీ మధ్యది. ధాన్యానికి కాసేపు ఆవిరి పట్టిస్తారు, అందుకే అన్నం పొడిపొడిగా వస్తుంది. గుంటూరు వాళ్ళు కాబట్టి మీకు బీపీటీ బియ్యం తెలిసే ఉంటుంది. అది 1986లో మన బాపట్ల నుంచి విడుదలైన 5204 రకమే. ఇక్కడ సోనా మసూరి పేరుతో అమ్మే సన్నబియ్యం చాలావరకు రాయచూరు, గంగావతి వైపు తుంగభద్ర నీటి కింద పండినది. పేరు కన్నా పాతదా కొత్తదా అన్నది ముందు అడగండి. కొత్తబియ్యం ముద్దవుతుంది, పాతది నీళ్ళు ఎక్కువ పీల్చుకుని విడివిడిగా ఉడుకుతుంది. 25 కిలోల బస్తా దించుకునే ముందు అదే బస్తాలోంచి కిలో తెచ్చి వండి చూడండి. ఏ కొట్టయినా ఇస్తుంది. ఇవ్వకపోతే అక్కడ కొనకండి.

దంపుడు బియ్యం మాత్రం నెలకి సరిపడానే తెచ్చుకోండి. పైపొరలో నూనె ఉంటుంది కాబట్టి నిల్వ ఉంటే పాత నూనె వాసన వస్తుంది. సజ్జపిండి సంగతీ అంతే. కొర్రలు, సామలు రెండు నెలలకి తెచ్చుకోవచ్చు. పురుగు భయం ఉంటే ప్యాకెట్‌ని నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టి, బయటికి తీసి చల్లదనం పూర్తిగా పోయాక డబ్బాలో పోయండి. పురుగు గుడ్ల దశలోనే పోతుంది, తడి మాత్రం తగలనివ్వకండి.

ఇందిరానగర్ నుంచి జవాబు:

పాస్తా గురించి నేను చెప్తానక్కా. ప్యాకెట్ ముందు వైపు వదిలేసి వెనక్కి తిప్పండి. ఏ పదార్థం ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. మా పాపకని రాగి పాస్తా తెచ్చాను. ముందు వైపు పెద్ద రాగి బొమ్మ ఉంది. వెనక చూస్తే మొదటి పేరు గోధుమ రవ్వ, రాగి ఎక్కడో తర్వాత కనిపించింది. రాగి కోసమే అయితే సంకటి చేసుకోవడమే మేలని ఆ రోజే అనుకున్నాను.

మామూలు పాస్తాకి డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నది తీసుకోండి. అది గట్టి గోధుమ, మన బన్సీ రవ్వ జాతిదే. ఉడికినా మెత్తబడి చితికిపోదు. మైదా మొదట ఉంటే ఐదు నిమిషాలకే జావలా అవుతుంది. పాస్తా పైభాగం నున్నగా మెరవకుండా, పిండి రాసినట్టు గరుగ్గా ఉంటే సాస్ బాగా పట్టుకుంటుంది. 100 గ్రాములకి లీటరు నీళ్ళు పోయండి, తెర్లాకే వేయండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. అందుకని ప్యాకెట్ మీద రాసిన టైమ్ అయ్యాక ఒకటి కొరికి చూసి, కావాలంటే ఇంకో నిమిషం ఉంచండి. ఎండు పాస్తా ఏడాది దాకా ఉంటుంది, ఆఫర్‌లో నాలుగైదు తెచ్చి పెట్టుకున్నా టెన్షన్ లేదు.

చెన్నై, వేళచ్చేరి నుంచి:

ఇక్కడా ఇదే తంటా అండీ. తమిళంలో వరగు అంటే మన అరికెలు, వరిగలు కావు. వరిగలు కావాలంటే పనివరగు అని అడగాలి. కొర్రలు తినై, ఊదలు కుదిరైవాలి. చెన్నై వస్తే ఇవి గుర్తుపెట్టుకోండి.

మారతహళ్లి నుంచి:

అందరికీ ఎంతో థాంక్స్ అండీ. ఇప్పుడే అరచేతిలో పోసి చూశాను, ఆకుపచ్చ ఛాయ స్పష్టంగా ఉంది. రేపు నవణె అనే అడుగుతాను. మిగిలిన ముప్పావు కిలో కొరలె ఏం చేయను? అత్తయ్యగారు పారేయొద్దంటున్నారు.

మల్లేశ్వరం నుంచి:

పారేయడమెందుకమ్మా! నానబెట్టకుండా వండారు కాబట్టే పలుకుగా వచ్చింది. రాత్రి నానబోసి పొద్దున వండండి, మెత్తగా వస్తుంది. ఒక గ్లాసుకి అరగ్లాసు పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర, నెయ్యి వేసి పొంగలి చేయండి. అత్తయ్యగారికి వేడిగా పెట్టండి.