నిస్సాన్ వన్ టన్ మిలిటరీ బండికి కాన్వాస్ కవర్లు కొత్తవి కుట్టించాలి, ఏ గుడ్డ తీసుకోవాలి?

వైజాగ్ వన్‌టన్:
అందరికీ నమస్కారం అండి. నా దగ్గర జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైన పాత నిస్సాన్ వన్ టన్ ట్రక్కు ఉంది, ఆర్మీ వేలంలో కొన్న ఒకాయన దగ్గర తీసుకున్నా. ఇంజిన్, బ్రేకులు, వైరింగ్ అన్నీ ఒక దారికొచ్చాయి, ఇక మిగిలింది కాన్వాసే. క్యాబిన్ హుడ్డూ, వెనక బాడీ మీద పరదా రెండూ పోయాయి. గుడ్డని మోసే ఇనుప కమాన్లు తగిలే చోటల్లా వరసగా చిరిగింది, కింద అంచున తాడు దూర్చే రింగులు, అదే ఐలెట్లు, తుప్పు పట్టి చుట్టూ గుడ్డ నల్లబడి రింగుతో సహా ఊడి చేతికొస్తోంది, వేలితో కాస్త గట్టిగా నొక్కితే చాలు పుటుక్కుమంటోంది. గాజువాక ఆటోనగర్‌లో అడిగితే ఒకరు లారీ టార్పాలిన్ కట్టేద్దాం సార్ సాయంత్రానికి అయిపోద్ది అన్నారు, ఇంకొకరు పీవీసీ పూత గుడ్డ వేయించుకోండి జన్మలో మార్చక్కర్లేదు అన్నారు. నాకైతే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే కాటన్ కాన్వాస్ వేయించాలని ఉంది. కానీ మా ఊరి గాలి సంగతి తెలుసు కదా, ఉప్పు, తేమ, పైగా తుఫాన్లు. ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు) గుడ్డ తీసుకోవాలి, కొలతలు ఎలా తీస్తారు, రంగు ఏది వేయించాలి? చేయించిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బెజవాడ కుషన్ వర్క్స్:
సార్, పాత కవర్ చిరిగిందని పారేయకండి, మీకు కావాల్సిన కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. బండి మీద ఉండగానే అన్ని వైపులా ఫోటోలు తీయండి, ఏ కమాను ఎక్కడ తగులుతుందో, ఏది ముందు ఏది వెనక, మార్కర్‌తో గుడ్డ మీదే రాసేయండి. తర్వాత దించి కుట్లు విప్పి ముక్కలు నేల మీద పరిచి వాటి అచ్చు పేపర్ మీద దించుకోండి. పాత గుడ్డ ఒకచోట సాగి ఉంటది ఇంకోచోట ముడుచుకుపోయి ఉంటది కాబట్టి కమాన్ల మీద నుంచి టేపు పట్టి మళ్ళీ సరిచూసుకోవాలి. అంతకంటే ముందు వంగిన కమాన్లు సాపు చేయించి బిగించుకోండి, వంకర కమాను మీద కొలిచి కుట్టిన కవరు దాన్ని సాపు చేశాక అస్సలు కూర్చోదు.

గుడ్డ అయితే 500 నుంచి 600 జీఎస్ఎం మధ్యలో ప్రూఫింగ్ చేసిన కాటన్ డక్, అంటే గట్టి నేత కాన్వాస్, తీసుకోండి, కాన్పూర్ సరుకు దొరుకుద్ది. షాపులో ఔన్సుల్లో చెబితే కంగారు పడకండి, చదరపు గజానికి ఒక ఔన్సు అంటే దాదాపు 34 జీఎస్ఎం, అంటే 16 ఔన్సుల గుడ్డ 540 చిల్లర. మందం పెరిగేకొద్దీ మంచిదే కదా అనుకుంటారు గానీ మడత కుట్టు దగ్గర నాలుగు పొరలు పడతాయి, మామూలు మిషన్ లాగలేదు. బరువు కూడా చూసుకోవాలి, 18 చదరపు మీటర్ల కవరు 550 జీఎస్ఎం అయితే పొడిగానే 10 కిలోలు, తడిస్తే ఇంకా పెరుగుద్ది, దాన్ని ఎత్తి కమాన్ల మీద పరవాల్సింది మీరే. షాపులో ఇంకొకటి అడగండి, వాటర్ ప్రూఫ్ వేరు రాట్ ప్రూఫ్ వేరు. మొదటిది నీళ్ళు దిగకుండా, రెండోది బూజు పట్టి గుడ్డ కుళ్ళకుండా. మీ వైజాగ్‌కి రెండోదే ముఖ్యం.

దారం లోపల పాలిస్టర్, పైన కాటన్ చుట్టినది రావాలి, కోర్‌స్పన్ అని అడగండి. పాలిస్టర్ బలానికి, పైనున్న కాటన్ తడిసి ఉబ్బి సూది చిల్లు మూసేస్తుంది. అంగుళానికి ఆరు కుట్లు చాలు, మరీ దగ్గరగా వేస్తే గుడ్డ ఆ గీత వెంబడే చిరిగిపోద్ది. రెండు ముక్కలు కలిసే చోట జీన్స్ ప్యాంటు పక్క కుట్టులాగా ఒకదాంట్లో ఒకటి మడిచి రెండు వరసలు వేయించండి, ఆ మడత నోరు పైకి గానీ బండి ముందుకి గానీ ఉండకూడదు, ఉంటే వాన నీళ్ళూ గాలీ అందులోకే పోతాయి. ఇది మేస్త్రీకి ముందే చెప్పండి, కుట్టేశాక చెప్తే విప్పాల్సిందే.

హైదరాబాద్ జాంగా:
అన్నా నేనైతే పీవీసీ దిక్కే. నా జాంగా మిలిటరీ జీపుకి అదే ఏపిచ్చిన, ఎంత వాన వడ్డా సుక్క దిగలే, సబ్బు నీళ్ళతోని కడిగినా ఏం గాదు. ఎండల లోపల ఉడుకుతది, అది నిజమే, పొద్దుగాల పొద్దుగాల లోపటి దిక్కు చెమట పట్టినట్టు తడి ఉంటది. షోలకు కాకుండా రోజూ నడిపేటోళ్ళకు అదే నయం.

రంగు సంగతి మాత్రం జర చూస్కో. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌ల 121వ రూల్ ప్రకారం డిఫెన్స్ వాళ్ళ బండ్లకు తప్ప వేరే బండ్లకు ఆలివ్ గ్రీన్ పెయింట్ ఉండొద్దు. రూల్ పెయింట్ గురించే, గుడ్డ గురించి కాదు, అయినా రోడ్డు మీద ఆపినోళ్ళకు ఇదంతా ఎవరు చెప్తరు, ఖాకీ కాన్వాస్ ఏపిచ్చుకో, పాత బండికి మంచిగనే కొడ్తది.

ఈఎంఈ రిటైర్డ్ తిరుమలగిరి:
జాంగా తమ్ముడు చెప్పిన ఆ చెమట తడి దగ్గరే నాకు పేచీ. పీవీసీ ఊపిరి తీసుకోదు, ఆ తేమంతా కమాన్ల మీద, బాడీ రేకు మీద కూర్చుంటుంది, సముద్రం పక్క ఊళ్ళో పాత ఇనుముకి అదే చేటు. కాటన్ గాలి ఆడనిస్తుంది. మనవాళ్ళు కష్టపడి బతికించుకుంటున్న బండ్లు ఇవి, ఆ గుడ్డ కూడా బండిలో భాగమే, వీలున్నంతవరకు కాటనే వేయండి బాబూ.

కవర్ ఎక్కించే ముందు కమాన్ల తుప్పు గీకి ప్రైమర్, పెయింట్ వేసి బాగా ఆరనివ్వండి. గరుకు కమాను గుడ్డని ఆకురాయిలా తినేస్తుంది, అందుకే అది తగిలే ప్రతి చోటా లోపలి వైపు అదే కాన్వాస్ పట్టీ అదనంగా కుట్టించాలి. ఐలెట్లు ఇత్తడివే వేయించండి, వాటి కింద గుడ్డ రెండు పొరలు ఉండాలి. మీ పాతదానికి చుట్టూ నల్లబడింది చూశారా, అది ఇనుప రింగు తుప్పు గుడ్డలోకి దిగడం. కట్టడానికి నూలు తాడు వాడితే వాన మొదలవగానే కాస్త వదులు చేయాలి, తడిస్తే తాడూ బిగుస్తుంది గుడ్డా బిగుస్తుంది, రెండూ కలిసి ఐలెట్‌ని పీకేస్తాయి. బకుల్ పట్టీలకి కాటన్ నవారు బాగుంటుంది.

వైజాగ్ వన్‌టన్:
అందరికీ చాలా థాంక్స్ అండి, సార్ మీరు చెప్పాక కాటనే అని ఫిక్స్ అయిపోయా, ఖాకీలోనే తీసుకుంటా. ఇంకో రెండు డౌట్లు. కాటన్ ముడుచుకుపోతుంది అంటారు కదా, కొలతలో ఎంత ఎక్కువ వదలాలి? క్యాబిన్ హుడ్ వెనక కిటికీ ప్లాస్టిక్ పసుపుపచ్చగా అయిపోయి ఏమీ కనపడట్లేదు, దానికేం వాడతారు?

బెజవాడ కుషన్ వర్క్స్:
సార్ అది గుడ్డని బట్టి మారుద్ది కాబట్టి అంకె చెప్పను, మీరే చూసుకోవచ్చు. కొన్న తాను నుంచి మీటరు చదరం ముక్క కత్తిరించి రాత్రంతా నీళ్ళలో నానేసి నీడలో ఆరబెట్టి మళ్ళీ కొలవండి, నిలువు పోగు వైపు ఎంత తగ్గిందో అడ్డం వైపు ఎంత తగ్గిందో విడివిడిగా రాసుకోండి, నిలువు వైపే ఎక్కువ తగ్గుద్ది మామూలుగా. ఆ లెక్కన కొలత పెంచి కత్తిరించాలి. కింద అంచు మడత కాస్త వెడల్పుగా పెట్టించండి, రేపు పొట్టి అయితే విప్పుకోవచ్చు.

కిటికీకి క్లియర్ పీవీసీ షీటు, కుషన్ షాపుల్లో మీటర్ల లెక్కన ఇస్తారు. చుట్టూ కాన్వాస్ పట్టీ వేసి కుట్టు దూరం దూరంగా వేయాలి, దగ్గర కుట్లు పడితే షీటు అక్కడే తెగుద్ది. హుడ్ చుట్టేటప్పుడు కిటికీ మీద మడత పడకుండా మధ్యలో మెత్తటి గుడ్డ పెట్టండి.

ఈఎంఈ రిటైర్డ్ తిరుమలగిరి:
కొత్త కవర్ ఎక్కించాక మొదటి వానకి కుట్ల దగ్గర చుక్కలు పడితే మేస్త్రీ మీద కోప్పడకండి. ముందే పైపు పెట్టి కవరంతా తడిపి బండి మీదే ఆరనివ్వండి, ఒకటి రెండుసార్లు అలా చేస్తే నూలు ఉబ్బి చిల్లులు మూసుకుంటాయి. వానలో లోపలి నుంచి చెయ్యి గానీ సామాను గానీ గుడ్డకి ఆనించకూడదు, ఆనిన చోట నీళ్ళు లోపలికి దిగడం మొదలెడతాయి. దుమ్ము పడితే బ్రష్‌తో దులిపి మంచినీళ్ళతో కడగండి, డిటర్జెంట్ వద్దు, దానికి ప్రూఫింగ్ పోతుంది. తడిగా ఉన్నది మడిచి షెడ్డులో పడేస్తే మాత్రం మీ తేమకి వారంలోనే బూజు వాసన మొదలవుతుంది, రాత్రి వాన పడితే పొద్దున్నే పక్క తెరలు పైకి చుట్టి గాలి ఆడనివ్వండి. కమాన్ల కొలతలు తీశాక ఫోటోలు ఇక్కడ పెట్టండి, గుడ్డ కత్తిరించే ముందు ఒకసారి చూసి చెప్తాను.