నీళ్లు తేటగానే ఉన్నాయి, పరిగె చేపలు లేవు. మా కోన వాగు బాగుందో లేదో ఎట్లా తెలుసుకోవాలి?

ప్రశ్న: రాపూరు నిమ్మతోట

అందరికీ నమస్కారం. మాది రాపూరు పక్క పల్లె. వెలిగొండ దిగువన నాలుగెకరాల నిమ్మతోట ఉంది. తోట అంచునే కోనలోంచి వచ్చే చిన్న వాగు, పంచె ఎగ్గట్టి దాటేయొచ్చు. అక్టోబరు వానలకి మొదలై సంక్రాంతి దాటాక సన్నబడుతుంది. ఎండాకాలానికి మడుగులే మిగులుతాయి. మా నాయన పొలానికొస్తే ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకునేవాడు కాదు, దోసిలి పట్టి ఈ నీళ్లే తాగేవాడు.

మూడేళ్లుగా తోట దగ్గర పరిగెలు కనపడటం లేదు. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. డబ్బులు కట్టి ల్యాబ్‌లో చూపిస్తే పీహెచ్ 7.4, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 310, ఏ ఇబ్బందీ లేదన్నారు. మరి చేపలు ఏమైనట్టు? కోనలోకి మైలు దూరం పోతే అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. మనంతట మనం చూసుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు: కావలి జువాలజీ

తమ్ముడూ, ల్యాబ్ వాళ్లు తప్పు చెప్పలేదు. సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. పోయిన నెల వాగులో ఏం జరిగిందో తెలియాలంటే రాళ్ల కింద బతికే పురుగుల్ని అడగాలి. అవి వారాలు, నెలలు ఆ నీళ్లలోనే పెరుగుతాయి, తప్పించుకుపోలేవు. నేను ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఇదే చూపించాను.

తెల్లటి పళ్లెం, చిన్న దోమతెర గుడ్డ చాలు. నీళ్లు గలగలా పారే చోట పిడికిలి కంటే పెద్ద రాయి ఎంచుకోండి. నీళ్లు పోయే వైపు గుడ్డ అడ్డం పెట్టి, రాయి ఎత్తి, దాన్ని గుడ్డ ముందే చేత్తో రుద్దండి. గుడ్డలో పడిందంతా పళ్లెంలోకి దులిపి, కాసిని నీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగండి. కదలడం మొదలవుతుంది.

పొట్టకి రెండు పక్కలా ఆకుల్లాంటి మొప్పలు, వెనక సన్నటి తోకలు (ఎక్కువగా మూడు) కనిపిస్తే అది మేఫ్లై పిల్ల. ఇసుక రేణువులో ఆకు ముక్కలో అతికించుకున్న గూట్లోంచి తల బయటపెట్టేది క్యాడిస్ పురుగు. ఈ రెండూ రకరకాలుగా దొరికితే మీ వాగు బాగున్నట్టే. రక్తంలా ఎర్రటి సన్న పురుగులు నాలుగైదు ఉంటే భయం లేదు. వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ తగ్గినా బతుకుతాయి. అవి తప్ప ఇంకేమీ లేకపోతేనే ఆలోచించాలి. బ్రిటన్‌లో ఈ జీవుల కుటుంబాలకి 1 నుంచి 10 దాకా మార్కులేసే పద్ధతి పుట్టింది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఇట్లా జీవుల్ని బట్టి నీటిని అంచనా కట్టే ప్రమాణాలు పెట్టింది.

ఆక్సిజన్ కొలిచే కిట్ దొరికితే తెల్లవారుజామునే కొలవండి. మధ్యాహ్నం పాచి ఆక్సిజన్ వదులుతుంది, లెక్క ఎక్కువ చూపిస్తుంది. 30 డిగ్రీల నీళ్లలో లీటరుకి 7.5 మిల్లీగ్రాములకి మించి మామూలుగా కరగదు. స్నానాలకి పనికొచ్చే నీళ్లకే కనీసం 5 ఉండాలని ప్రమాణం.

ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. తోటకి పురుగుమందు కొట్టాక డ్రమ్ములు ఎక్కడ కడుగుతున్నారు?

జవాబు: గిద్దలూరు గట్టు

మేడమ్ చెప్పినట్టే చేయండి అన్నా, కాకపోతే పెద్ద వాన వెలిసిన వెంటనే పోవద్దు. వరదకి పురుగులన్నీ కొట్టుకుపోయి ఉంటాయి, రెండు మూడు వారాలు ఆగాలి. ఏప్రిల్‌లో మడుగులో చూసి వాగు చచ్చిపోయిందనీ అనుకోవద్దు. పైన, కింద ఒకే రోజు, ఒకే రకం పారుదలలో చూడండి. మా నల్లమల వైపు వాగుల్లో నేను ముందు గట్టు చూస్తాను. మద్ది, నేరేడు, కానుగ నీడ ఉందా, ఆకు రాలి నీళ్లలో పడుతోందా అని. ఆ కుళ్లిన ఆకే చాలా పురుగులకి తిండి. చెట్లు కొట్టేసిన చోట నీళ్లు వేడెక్కి పాచి కమ్ముకుంటుంది.

ఇంకోటి, మీది ఎర్రచందనం ఉన్న అడవి. ఫారెస్టు వాళ్లకి చెప్పి పర్మిషన్ తీసుకునే పైకి పోండి.

రాపూరు నిమ్మతోట

మేడమ్, మీ ప్రశ్న చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే, మేము డ్రమ్ములు వాగులోని బండ మీదే కడుగుతాం. పాముపొడకి (ఆకుల్ని తొలిచే పురుగు) కొట్టే ఇమిడాక్లోప్రిడ్ మందు డ్రమ్ములూ అక్కడే.

పర్మిషన్ తీసుకుని మొన్న ఆదివారం మా పాపతో పోయాను. ఎనిమిదో తరగతి, దాని కళ్లు నాకంటే చురుకు. పైన పది రాళ్లు తిప్పాం. తోకల పురుగులు ఎక్కువ, చదునుగా రాయికి అతుక్కుని పక్కకి జారుతున్నాయి. ఒక చిన్న ఇసుక గొట్టం పళ్లెంలో కదలకుండా పడి ఉంది. పుల్ల అనుకుని తీసేయబోతే పాప చెయ్యి పట్టుకుని ఆపింది. కాసేపటికి నల్లటి తల, ఆరు కాళ్లు బయటికొచ్చి గొట్టాన్ని ఈడ్చుకుంటూ పోయింది. దాని గూట్లో అభ్రకం ముక్క ఒకటి మెరుస్తోంది.

మా బండకి దిగువన పది రాళ్లు తిప్పితే నత్తలు, కొన్ని ఎర్ర పురుగులు. మొప్పల పురుగు ఒక్కటి లేదు.

కావలి జువాలజీ

నత్తలు నిలిచి, పురుగులు లేకుండా పోతే మందు మీదే నా అనుమానం. ఇమిడాక్లోప్రిడ్ మేఫ్లైలకి చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. నత్తలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. డ్రమ్ము కడిగిన నీళ్లు మళ్లీ ట్యాంకులోనే పోసి తోటకే కొట్టేయండి. పైన పురుగులు బతికే ఉన్నాయి కాబట్టి నీళ్లతో పాటు కిందికి వాటంతటవే దిగి వస్తాయి.

రాపూరు నిమ్మతోట

సరే మేడమ్. మావి నిన్నటి నుంచి తోటలోనే కడుగుతున్నాం. ఆ బండ వాడే పక్క తోటల వాళ్లలో ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లకి పళ్లెం చూపించి చెప్పాలి. రెండు చోట్లా గట్టు మీది చెట్లని గుర్తు పెట్టుకున్నాం. వచ్చే జనవరిలో అక్కడే రాళ్లు తిప్పి, ఏం దొరికిందో ఇక్కడే రాస్తాను.