వంకాయరంగు చీర ఫొటోలో నీలంగా ఎందుకొస్తోంది?

ఎంవీపీ చీరలక్క:
అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే చీరలు అమ్ముతాను. ఫొటోలు నేనే తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. పసుపు, చిలకపచ్చ, మిరపపండు ఎరుపు, వీటితో ఏ గొడవా లేదు. వంకాయరంగుతోనే వచ్చింది చావు.

పోయిన వారం అనకాపల్లి కస్టమర్‌కి ఒక పట్టుచీర పంపితే, "నేను అడిగింది నీలం కదండీ" అని వీడియో కాల్ చేసి మరీ చూపించింది. ఆవిడ తప్పేం లేదు. నా ఫొటోలో అది అచ్చం ఇంకు నీలమే. రానూపోనూ కొరియర్ నా నెత్తిన పడింది.

తీసింది రాత్రిపూట, హాల్లో ఎల్‌ఈడీ ట్యూబులైటు కింద. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా కెమెరా రంగులు సర్దే సెట్టింగు) తప్పేమోనని, దానికి కొలతగా చూపించే బూడిదరంగు అట్ట, అదే గ్రే కార్డు కొని, సెట్ చేసి మళ్లీ తీశాను. గోడ తెల్లగా వచ్చింది, పక్కనున్న స్టీలు చెంబు స్టీలులాగే వచ్చింది, చీర మాత్రం నీలమే! ఎడిటింగ్‌లో ఎరుపు పెంచితే చీర దారికొస్తోంది గానీ, జరీ రాగిరంగుకి తిరిగిపోతోంది. కెమెరా మార్చాలా? మావారైతే "వంకాయరంగు అమ్మడం మానెయ్" అంటున్నారు.

క్లిక్ తమ్ముడు:
అక్కా, ఆవిడ ఫోన్లో డిస్‌ప్లే వివిడ్ మోడ్‌లో ఉందేమో? దాంట్లో అన్ని రంగులూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఎంవీపీ చీరలక్క:
లేదు తమ్ముడూ, నా లాప్‌టాప్‌లోనూ అంతే.

రంగుల ల్యాబ్ రిటైర్డ్:
కెమెరా జోలికి పోకండమ్మా. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్క కొనేటప్పుడు ఏం చేస్తారు? చీరా గుడ్డా పట్టుకుని గుమ్మం బయటికొచ్చి వెలుతుర్లో చూస్తారు. లోపల కలిసిన రంగులు బయట విడిపోతాయని మీకు ముందే తెలుసు. దాన్నే మేం మెటామెరిజం అనేవాళ్లం. ల్యాబ్‌లో దీనికోసం ఒక లైట్ల పెట్టె ఉండేది. డీ65 మీట నొక్కితే పగటి వెలుతురు, 'ఏ' అనే మీట నొక్కితే పాత ఫిలమెంట్ బల్బు. రెండింటి కిందా కలిస్తేనే పాస్.

ఇక మీ చీర. వంకాయరంగు అద్దకాలు చాలావరకు ఒకపక్క నీలాన్నీ, మరోపక్క 650 నానోమీటర్ల (కాంతి తరంగాల పొడవు కొలత) పైనుండే ముదురు ఎరుపునీ వెనక్కి పంపుతాయి. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో 450 నానోమీటర్ల దగ్గర నీలం సూదిలా పొడుచుకొస్తుంది, ముదురు ఎరుపు మాత్రం అడుగంటి ఉంటుంది. ఆ ఉన్న కాస్తలోనూ కొంత కెమెరా సెన్సర్ ముందుండే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ (కంటికి కనపడని పరారుణ కాంతిని ఆపేది) మింగేస్తుంది. ఇక మిగిలేది నీలమే కదా.

గ్రే కార్డు తన పని తాను చేసింది. బూడిదరంగు బూడిదరంగులా కనిపించేదాకా కెమెరా ఎరుపు, పచ్చ, నీలం పాళ్లు సర్దుతుంది, అంతే. లైటులో లేని ఎరుపుని అది ఎక్కణ్నుంచి తెస్తుంది?

పగలు నీడలో తీయండి, కార్డు అక్కడ కూడా పెట్టండి. రాత్రే తీయాలంటే సీఆర్‌ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే మార్కు) 90 దాటిన లైటు కొనండి. లైటు అట్టపెట్టె మీద 80 చూసి మురిసిపోవద్దు. ఆ మార్కు 8 లేత రంగుల మీద కట్టిన సగటు. ముదురు ఎరుపుని ఆర్9 అని విడిగా కొలుస్తారు, షాపువాణ్ని అదే అడగండి (తెల్లమొహం వేస్తాడనుకోండి, అది వేరే సంగతి). 24 గళ్ల కలర్ చార్టు కూడా ఉంది, 1976 నుంచీ వాడుతున్నారు. దాంతో ప్రొఫైల్ (మీ కెమెరా రంగుల తేడాని సరిదిద్దే ఫైలు) చేసుకుంటే ఇంకా దగ్గరికొస్తుంది. మీకిప్పుడే ఆ ఖర్చు ఎందుకు?

ఎంవీపీ చీరలక్క:
మాస్టారూ, దండాలు! మాది తూర్పు బాల్కనీ. మధ్యాహ్నం ఎండ ఇటు దాటాక తీశాను. మొదటిసారి చీర ఎడమవైపంతా పచ్చగా కొట్టింది. చూస్తే ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్‌కి కట్టిన పచ్చ వల! ఆ పక్క పాత తెల్ల దుప్పటి ఒకటి అడ్డం కట్టి మళ్లీ తీశాను. ఈసారి వంకాయ వంకాయలాగే ఉంది, జరీ జరీలాగే ఉంది.

మావారికి చూపించి, కొత్త ఫొటో అనకాపల్లి ఆవిడకీ పంపాను. "బాగుందండీ, కానీ నాకు ఆ పాత ఫొటోలో నీలమే నచ్చింది. ఆ రంగు ఎప్పుడొస్తే అప్పుడు చెప్పండి" అంది.