హోమ్‌లో పిల్ల మన పర్సనల్ నంబర్ అడిగితే ఏం చెప్తారు?

నల్లమల_గాలి
నేను అమ్మాయిల హోమ్‌లో కౌన్సెలర్‌ని. 17 ఏళ్ల పాప ఒకమ్మాయి, మొదట్లో ఎవరితోనూ పలికేది కాదు, ఇప్పుడు నాతో బాగా చనువు. మొన్న చెయ్యి పట్టుకుని అడిగింది, "అక్కా, మీ నంబర్ ఇవ్వండి, రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు చేస్తా, ఎవరికీ చెప్పకండి" అని. ఇవ్వలేదు. తర్వాతి సెషన్‌కి వచ్చి చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ గోడవైపు తిరిగి కూర్చుంది, ఒక్క మాట లేదు. ట్రైనింగ్‌లో చెప్పే మాటలు నాకూ తెలుసు, అవి వద్దు. ఇలాంటప్పుడు మీరు నిజంగా నోటితో ఏమంటారో చెప్పండి.

పాత_సూపర్‌వైజర్
ఇవ్వకపోవడమే మంచిది. కానీ "రూల్స్ ఒప్పుకోవమ్మా" అని మాత్రం అనకండి, ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచి వింటున్నది అదే. నేనైతే ఇలా అంటాను: "నంబర్ ఇచ్చాక ఓ రాత్రి నేను ఎత్తకపోతే నీకు ఇంకా కష్టమవుతుంది. మంగళవారం, శుక్రవారం 11 గంటలకి వస్తా, రాలేకపోతే ముందు రోజే కబురు పెడతా. రాత్రి భయమేస్తే డ్యూటీలో ఉన్న అమ్మని లేపు, నేను ఆవిడతో మాట్లాడి ఉంచుతా." ఇక ఆ రెండు రోజులూ మీటింగ్ ఉన్నా, వాన పడుతున్నా వెళ్లి తీరాలి. అలాగే, నంబర్ అడిగిన సంగతి ఆ రోజే కేస్ ఫైల్లో రాయండి. పిల్లకీ మనకీ మధ్య దాచిపెట్టే వ్యవహారం ఒక్కటి మొదలైందంటే, ఎంత మంచి మనసుతో చేసినా అక్కడినుంచి దారి తప్పడం చాలా సులువు.

మల్లెతీగ
డ్యూటీ అమ్మని లేపమంటున్నారు సరే, ఆ పిల్ల భయం ఆవిడంటేనే అయితే? నిద్ర ఎందుకు పట్టట్లేదో ముందు అడగండి. అడిగే ముందే "ఎవరికీ చెప్పనని ఒట్టు" అని మాటివ్వకండి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి, పోక్సో చట్టం సెక్షన్ 19 అదే చెప్తుంది, చెప్పకపోతే సెక్షన్ 21 కింద శిక్ష కూడా ఉంది. ఒట్టేసి చెప్పించుకుని ఆ తర్వాత బయటపెడితే ఆ పిల్ల మళ్లీ ఏ పెద్దమనిషినీ నమ్మదు. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే నేను చెప్పాలి, ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తా" అనండి. మీ దగ్గర చెప్పలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ నంబర్ 1098 ఉందని కూడా తెలిసుండాలి పిల్లలకి.

నైట్‌డ్యూటీ
నాది పెద్దవాళ్ల ఇళ్లలో నర్సింగ్. ఒకావిడ, కొడుకు డల్లాస్‌లో, నాకు గాజు తీసి తొడగబోయారు, "నువ్వే నా కూతురివి" అని. ఏటీఎం కార్డు కూడా చేతిలో పెట్టారు, డబ్బు తెచ్చిపెట్టమని. "అమ్మమ్మా, రేపు ఈ గాజు గురించి మాటొస్తే నన్ను మాన్పిస్తారు, అప్పుడు మీకు ఇన్సులిన్ ఎవరు చేస్తారు?" అన్నాను. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో ఆవిడ ముందే వాళ్లబ్బాయికి రెండు సంగతులూ చెప్పాను. ఆవిడ కాసేపు అలిగారు. చనువు మాత్రం తగ్గలేదు.

వరంగల్_వాలంటీర్
సిబ్బందికి ఇన్ని హద్దులు చెప్తాం, మరి ఆదివారం బర్త్‌డే కేకు పట్టుకొచ్చే దాతల సంగతేంటి? రెండు గంటలు ఉంటారు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు, "మళ్లీ వస్తా కన్నా" అంటారు, వెళ్లిపోతారు. చిన్నపిల్లలు తర్వాతి ఆదివారం గేటు దగ్గరే నిలబడతారు, అన్నానికి పిలిచినా రారు. అది చూశాకే నేను "మళ్లీ వస్తా" అనే మాట అనడం మానేశాను, తేదీ ఖాయమైతేనే చెప్తాను. సెల్ఫీలైతే అసలు వద్దు, హోమ్ పిల్లల మొహాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం నేరం. దాతలకి కోపమొస్తుందని మేనేజ్‌మెంట్లు నోరు మెదపవు, నాకు దీని మీద చాలా కోపం ఉంది.

నల్లమల_గాలి
అందరికీ థాంక్స్. నిద్ర సంగతి అడిగాను. వివరాలు ఇక్కడ రాయను, అది ఆమె సొంత విషయం. 18 నిండాక ఎక్కడికి పంపేస్తారో అన్న టెన్షన్ అని మాత్రం చెప్పగలను. ఆ తర్వాత కూడా తనతో మాట్లాడతానా అని అడిగింది. దీనికి ఏం చెప్పాలి?

పాత_సూపర్‌వైజర్
మీ ఒక్కరి మాట మీద ఆమె భవిష్యత్తు ఆధారపడకుండా చూడండి. 18 నిండి హోమ్ వదిలేవాళ్లకి 21 ఏళ్ల వరకు ఆఫ్టర్‌కేర్ (హోమ్ వదిలాక అందే సాయం) అని జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది, కానీ దానంతటదే రాదు. ఇప్పుడే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి రాయించండి, ఆమె కేర్ ప్లాన్‌లో చదువు, హాస్టల్, ఖర్చు అన్నీ ఎక్కించండి, ఆ కాగితాలు నింపేటప్పుడు ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఇక ఫోన్ సంగతి, వెళ్లాక హోమ్ ఆఫీసు నంబర్‌కి చెయ్యమనండి, ఏ రోజుల్లో అయితే మీరు దొరుకుతారో కాగితం మీద రాసివ్వండి.