టెంపరేచర్ ముల్లు ఎక్కి దిగుతోంది, థర్మోస్టాట్ మార్చినా అంతే

ప్రశ్న

నాది పాత పెట్రోల్ కారు. మూత రేడియేటర్ మీదే ఉంటుంది, పక్కన కూలెంట్ బాటిల్ వేరుగా ఉంటుంది. బండి పరుగెడుతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు సగానికి కాస్త కింద కదలకుండా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, మెల్లగా పైకి పాకుతుంది. ముప్పావు దాకా వెళ్లాక ఫ్యాన్ తిరుగుతుంది కానీ ముల్లు వెంటనే దిగదు. కదిలి వేగం అందుకున్నాక మాత్రం దిగిపోతుంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వ్) పోయిందంటే మార్పించాను. ఆ తర్వాత ఇంకాస్త ఎక్కువైంది. బాటిల్లో కూలెంట్ నిండుగానే ఉంది, కింద ఎక్కడా చుక్క పడటం లేదు. ఇప్పుడు వాటర్ పంప్ మార్చాలంటున్నారు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని దూరం వెళ్లాలంటే భయంగా ఉంది. మార్చేయమంటారా?

జవాబు

ముందు గేజ్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. ఓబీడీ సాకెట్ (కారు కంప్యూటర్‌కి స్కానర్ తగిలించే చోటు) ఉంటే చిన్న స్కానర్ పెట్టి కూలెంట్ టెంపరేచర్ అంకెల్లో చూడండి. ముల్లు ఎక్కినా అంకె 90 డిగ్రీల దగ్గరే ఉంటే తప్పు గేజ్‌దో వైరుదో. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలితే ఎర్త్ వైరు చూడండి.

జవాబు

స్కానర్ మాట మంచిదే, దొరికితే పెట్టండి. కానీ మీరు చెప్పిన తీరు చూస్తే వైరింగ్ అనిపించడం లేదు. వైరు లూజైతే ముల్లు క్షణంలో ఎగిరి పడుతుంది. మీది పాకుతోంది. లోపల లీటర్ల కొద్దీ కూలెంట్ ఉంటుంది, అది వేడెక్కడానికైనా చల్లారడానికైనా కొంత సమయం పడుతుంది.

పంప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, సిగ్నల్ దగ్గర ముల్లు ఎక్కుతున్నప్పుడు వచ్చే గాలికి చెయ్యి అడ్డం పెట్టండి. ఇంజన్ వేడెక్కుతుంటే ఆ గాలి కూడా వేడెక్కాలి. అది చల్లబడుతుంటే హీటర్‌లోకి కూలెంట్ సరిగ్గా చేరడం లేదన్నమాట. చాలాసార్లు దానికి కారణం లోపల గాలి ఇరుక్కోవడమే. స్లోలో పంప్ నెమ్మదిగా తిరుగుతుంది, గాలి బుడగను నెట్టలేదు. ఎక్సలేటర్ ఇవ్వగానే నెట్టేస్తుంది, ముల్లు దిగుతుంది. థర్మోస్టాట్ మార్చినప్పుడు కూలెంట్ కొంత తీస్తారు. తిరిగి నింపేటప్పుడు గాలి పూర్తిగా తీయకపోతే ఇలాగే అవుతుంది.

రెండోది, పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. బాటిల్‌ని నమ్మొద్దు. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు, గుడ్డ అడ్డం పెట్టుకుని కూడా వద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది, మూత వదులైన క్షణంలో మరుగుతున్న కూలెంట్ ముఖం మీదకి చిమ్ముతుంది.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చేశాను. ముల్లు ఎక్కుతున్నప్పుడు హీటర్ గాలి చల్లబడిపోయింది, ఎక్సలేటర్ తొక్కగానే మళ్లీ వేడిగా వచ్చింది. పొద్దున మూత తీస్తే రేడియేటర్ లోపలి గొట్టాల కొసలు పొడిగా బయటికి కనిపిస్తున్నాయి. బాటిల్ మాత్రం నిండుగా ఉంది. ఇదెలా సాధ్యం?

జవాబు

అయితే ఆ మూతను వెలుతురులో తిప్పి చూడండి. దానికి రెండు రబ్బర్లు ఉంటాయి. కింది రబ్బరు ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. సుమారు 1 బార్ ఒత్తిడి నిలిస్తే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు, అంత ముఖ్యం అది. ఒత్తిడి మరీ పెరిగితే కూలెంట్ కొంత బాటిల్లోకి పోతుంది. ఇంజన్ చల్లారాక రేడియేటర్ దాన్ని తిరిగి పీల్చుకోవాలి. కింది రబ్బరు మధ్యలో ఉండే చిన్న వాల్వ్ అందుకే. పై రబ్బరు చిట్లినా, బాటిల్‌కి వెళ్లే సన్న గొట్టానికి చీలిక పడినా కూలెంట్‌కి బదులు బయటి గాలి లోపలికి వస్తుంది. అలా ప్రతిసారీ బాటిల్ నిండుతూ రేడియేటర్ ఖాళీ అవుతూ పోతుంది. మీరు కిందికి చూస్తే చుక్క కనపడదు.

మూత మీద రాసిన ఒత్తిడి అంకె చూసి అదే రకం కొనండి, ఎక్కువది వేయొద్దు. తర్వాత గాలి తీయాలి. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా ఆపి, చల్లటి ఇంజన్ మీద మూత తీసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి మెల్లగా కూలెంట్ పోయండి. పాతదాంతో కలిసే రకమే పోయండి. స్టార్ట్ చేసి స్లోలో వదిలేయండి. రేడియేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే పై గొట్టాన్ని చేత్తో నొక్కి వదులుతుంటే బుడగలు వస్తాయి. గొట్టం వేడెక్కాక చెయ్యి తీసేయండి. చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. అప్పుడు లెవెల్ ఒక్కసారి పడిపోవచ్చు, కంగారుపడకుండా మళ్లీ పోయండి. కూలెంట్ పొంగి రావచ్చు, మొహం దూరంగా పెట్టుకోండి. బుడగలు ఆగి, హీటర్ గాలి నిలకడగా వేడిగా వస్తుంటే మూత బిగించండి. ఇంజన్ మీద గాలి తీసే స్క్రూ ఉంటే పని ఇంకా సులువు.

ప్రశ్న అడిగినవారు

పై రబ్బరు గట్టిపడి ఒక పక్క సగం దాకా చిట్లి ఉంది. మూత మార్చి గాలి తీశాను. బుడగలు వచ్చాయి, చాలాసేపు వచ్చాయి. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగినా ముల్లు కదలడం లేదు. పంప్ మార్చలేదు. చాలా థాంక్సండి.

జవాబు

సంతోషం. కొన్నాళ్లు పొద్దున్నే మూత తీసి లెవెల్ చూస్తూ ఉండండి. మళ్లీ తగ్గితే పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ కూలెంట్ ఎండిన మరక ఉందేమో చూడండి. ఉంటే అప్పుడు పంప్ మార్చడం న్యాయం. మరక లేకుండానే తగ్గుతూ, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై గొట్టం రాయిలా గట్టిపడుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) మీద అనుమానపడాలి. అప్పుడు ఇక నడపొద్దు, తోయించుకుని వెళ్లి చూపించండి.